ఇంటర్ చదువుతూ ఏపీ పరీక్షలు రాయడం ఎలా: సబ్జెక్టు ఎంపిక నుంచి కాలేజీ క్రెడిట్ దాకా

మన దగ్గర ఒకప్పుడు అమెరికా చదువంటే బీటెక్ అయ్యాక ఎంఎస్సే. ఇప్పుడు ఇంటర్ అవగానే డిగ్రీకే వెళ్లిపోదామనుకునే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లకు శాట్ గురించి, టోఫెల్ గురించి బాగానే తెలుసు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలా ఒక మాట చెబుతారు: ఎనిమిది రాస్తే తప్ప మంచి సీటు రాదని ఒకరు, అమెరికన్ స్కూల్లో చదివితేనే రాయనిస్తారని ఇంకొకరు, ఒక్కటి రాసినా లక్షలు మిగులుతాయని కన్సల్టెన్సీ వాళ్లు. ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. (ఇక్కడ ఏపీ అని రాసిన ప్రతిచోటా ఈ పరీక్షలే అనుకోండి, రాష్ట్రం గురించైతే ఆంధ్రప్రదేశ్ అనే రాస్తాను.)

నా సలహా ముందే చెప్పేస్తాను. మీరు ఎలాగూ చదువుతున్న సిలబస్‌కి దగ్గరగా ఉండే రెండు మూడు సబ్జెక్టులు పట్టుకోండి, వాటిలో వీలైనవి ఫస్టియర్ అయిపోయిన మే నెలలోనే రాసెయ్యండి. ఎందుకో, ఎలాగో వరసగా చూద్దాం.

అసలు ఇవేమిటి

శాట్ నడిపే కాలేజ్ బోర్డే ఏపీ పరీక్షలనూ నడుపుతుంది, 1950ల నుంచీ. అమెరికా హైస్కూల్ పిల్లలు డిగ్రీ మొదటి ఏడాది స్థాయి పాఠాన్ని స్కూల్లో ఉండగానే చదివి, మే మొదటి రెండు వారాల్లో పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, ఫలితాలు జులైలో వస్తాయి. సబ్జెక్టులు 40 దాకా ఉన్నాయి: కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, చరిత్ర, ఇంగ్లిష్, స్పానిష్, చైనీస్, లాటిన్ కూడా. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. కాబట్టి మాతృభాషలో ఒక 5 కొట్టేద్దామనే ఆశ వదులుకోండి.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇందులో కోర్సు వేరు, పరీక్ష వేరు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా కావాలంటే రెండేళ్లు ఐబీ స్కూల్లోనే చదవాలి. ఏపీలో అలా కాదు, చాలా సబ్జెక్టులకు కోర్సు చేయకుండా సొంతంగా చదువుకుని నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు. ఇంటర్ బోర్డు పిల్లలైనా, సీబీఎస్ఈ వాళ్లైనా, దుబాయ్‌లోనో దోహాలోనో ఇండియన్ స్కూల్లో చదివేవాళ్లైనా అంతే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఏపీ సెమినార్, ఏపీ రీసెర్చ్ అనే రెండూ వాటికి అనుమతి ఉన్న స్కూల్లో చేరితేనే కుదురుతాయి. కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్‌లో ముందుగా ఒక ప్రాజెక్టు కూడా సమర్పించాలి కాబట్టి స్కూల్ అండ లేకుండా అది తలనొప్పే.

ఇప్పటికే ఐబీ హయ్యర్ లెవెల్‌లోనో కేంబ్రిడ్జ్ ఏ లెవెల్స్‌లోనో ఉన్న పిల్లలకు నా దృష్టిలో ఏపీ అక్కర్లేదు. వాళ్ల మార్కులకే చాలా యూనివర్సిటీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే ఆ కోర్సు కాలేజీలో చదివేసినట్టే లెక్కేస్తాయి. ఇంటర్, సీబీఎస్ఈ, ఐఎస్‌సీ మార్కులకు సాధారణంగా అలా ఇవ్వరు. అందుకే ఈ పరీక్షల అవసరం ఎక్కువగా మన పిల్లలకే.

ముందు కాలేజీ పేజీ, తర్వాతే పుస్తకం

చాలామంది సబ్జెక్టు ఎంచుకుని, చదివి, రాసి, స్కోరు వచ్చాక ఇది ఎక్కడ పనికొస్తుందని వెతుకుతారు. మీరు ముందు కాలేజీ సంగతి చూడండి. వెళ్లాలనుకునే ఐదారు యూనివర్సిటీల పేర్లు రాసుకుని, ఒక్కోదాని వెబ్‌సైట్‌లో ఏపీ క్రెడిట్ పాలసీ పేజీ తెరవండి. కాలేజ్ బోర్డ్ సైట్‌లోనూ యూనివర్సిటీ పేరు కొడితే ఏ స్కోరుకు ఏ కోర్సు వస్తుందో చూపించే సదుపాయం ఉంది, కానీ చివరి మాట యూనివర్సిటీ పేజీదే.

ఆ పేజీల్లో తేడాలు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు 3 వచ్చినా యూనిట్లు (క్రెడిట్లకు అక్కడి పేరు) ఇస్తాయి, అయితే ఆ యూనిట్లు మీరు డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు, అంటే మేజర్‌లో ఏ కోర్సుకు బదులు లెక్కేస్తారన్నది క్యాంపస్‌ని బట్టి, డిపార్ట్‌మెంట్‌ని బట్టి మారుతుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రభుత్వ యూనివర్సిటీలు 3కి క్రెడిట్ ఇచ్చి తీరాలని చట్టమే ఉంది. ఎంఐటీ కాలిక్యులస్ బీసీలో 5 ఉంటే తమ మొదటి కాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది, కెమిస్ట్రీలో 5 వచ్చినా ఏమీ ఇవ్వదు. కాల్‌టెక్ అసలు క్రెడిట్టే ఇవ్వదు. బ్రౌన్‌లో డిగ్రీకి కావలసిన కోర్సుల లెక్కలోకి ఏపీని తీసుకోరు. కెనడాలో టొరంటో యూనివర్సిటీ లాంటి చోట 4 గానీ 5 గానీ ఉండాలి. బ్రిటన్‌లో సంగతి వేరు, అక్కడ ఇది క్రెడిట్ కోసం కాదు, అర్హత కోసం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటివి చదవబోయే కోర్సుకు సంబంధించిన సబ్జెక్టుల్లో అన్నీ 5లే అడుగుతాయి, ఒకటి రెండు సబ్జెక్టులతో అక్కడ పని జరగదు.

ఇంకో విషయం. యేల్ 2024లో తన అడ్మిషన్ పద్ధతి మార్చుకుంటూ శాట్, యాక్ట్ (శాట్ లాంటిదే ఇంకో ప్రవేశ పరీక్ష) బదులు ఏపీ లేదా ఐబీ స్కోర్లు పెట్టినా సరేనంది. కాకపోతే ఏపీ దారి ఎంచుకుంటే అప్పటిదాకా రాసిన ఏపీ స్కోర్లన్నీ చూపించాలి, బాగున్నవి మాత్రమే ఏరి పెట్టడానికి లేదు. ఇలాంటి నియమాలు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి మీరు అప్లై చేసే ఏడాది పేజీ మీరే చదువుకోవాలి, గత ఏడాది వెళ్లిన సీనియర్ చెప్పింది సరిపోదు.

డబ్బు నిజంగా మిగులుతుందా

కన్సల్టెన్సీ లెక్క ఇలా ఉంటుంది: ఒక క్రెడిట్‌కి వెయ్యి డాలర్లు, కాలిక్యులస్ బీసీకి ఎనిమిది క్రెడిట్లు, అంటే ఎనిమిది వేల డాలర్లు ఆదా. కాగితం మీద బాగానే ఉంది. కానీ అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఫుల్‌టైమ్ విద్యార్థికి సెమిస్టర్ మొత్తానికి ఒకే ఫీజు వేస్తాయి. 12 క్రెడిట్లు తీసుకున్నా 17 తీసుకున్నా అదే డబ్బు. పైగా ఎఫ్‌1 వీసా మీద ఉన్న డిగ్రీ విద్యార్థి మామూలుగా సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి, ఏపీ ద్వారా వచ్చిన క్రెడిట్లు ఆ 12 లెక్కలోకి రావు. అంటే డబ్బు మిగలాలంటే ఒకటే దారి: నాలుగేళ్ల డిగ్రీని ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో ముందు ముగించడం. దానికి ఒకటి రెండు ఏపీలు చాలవు, వచ్చిన క్రెడిట్లు మీ మేజర్‌కి పనికొచ్చేవి అయి ఉండాలి, తర్వాతి కోర్సులు కూడా ఒకదాని వెనక ఒకటి కుదరాలి.

అలాగని ఇవి దండగేం కాదు. మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్ మళ్లీ చదవక్కర్లేకపోతే ఆ చోట్లో నచ్చిన కోర్సు తీసుకోవచ్చు, రెండో మేజరో మైనరో కుదురుతుంది. చాలా చోట్ల కోర్సు రిజిస్ట్రేషన్ వంతు ఎక్కువ క్రెడిట్లు ఉన్నవాళ్లకే ముందు వస్తుంది, కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో సీటు దొరకడం ఎంత కష్టమో అక్కడ చదువుతున్న ఎవరినైనా అడగండి. అడ్మిషన్ విషయానికొస్తే, ఇంటర్ బోర్డు మార్కులు చూసి మన స్థాయి అంచనా వేయడం అక్కడివాళ్లకు అంత తేలిక కాదు, కాలిక్యులస్‌లో 5 అంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. మీ కాలేజీలో ఏపీ కోర్సులే లేనప్పుడు ఎందుకు చేయలేదని ఎవరూ తప్పు పట్టరు. అక్కడి పిల్లలు పది రాస్తున్నారని మీరూ పది రాయాల్సిన పని లేదు.

ఏ సబ్జెక్టులు

ఎంపీసీ వాళ్లకు మొదట గుర్తొచ్చేది కాలిక్యులస్. ఇందులో ఏబీ, బీసీ అని రెండు పరీక్షలున్నాయి. బీసీలో ఏబీ సిలబస్ అంతా ఉంటుంది, ఇంకా కొంత ఎక్కువ ఉంటుంది, రాస్తే ఏబీ భాగానికి విడిగా సబ్‌స్కోర్ కూడా ఇస్తారు. జేఈఈ స్థాయిలో చదివే పిల్లలు ఏబీ మీద డబ్బు పెట్టడం ఎందుకు, బీసీయే రాయండి. బీసీ రాసేవాళ్లలో 40 శాతానికి పైగా 5 తెచ్చుకుంటున్నారు. అది పరీక్ష తేలికని కాదు, దానికి కూర్చునేవాళ్లే లెక్కల్లో గట్టివాళ్లు.

ఒక చిక్కుంది. ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మనకు ఇంటర్ సెకండియర్ పాఠాలు. ఫస్టియర్ మే నెలలో బీసీ రాయాలంటే ఇంటిగ్రేషన్ ముందే నేర్చుకోవాలి. అసలు మన సిలబస్‌లోనే లేనివి ఇంకా కొన్ని ఉన్నాయి: టేలర్ సిరీస్, సిరీస్ కన్వర్జెన్స్ పరీక్షలు, పోలార్ వక్రాల వైశాల్యం, స్లోప్ ఫీల్డ్‌లు, ఆయిలర్ పద్ధతి, లాజిస్టిక్ గ్రోత్. ఇవి కొత్తగా కూర్చుని చదవాల్సిందే, ముఖ్యంగా సిరీస్‌కి ఒక నెల పెట్టుకోండి. అంత తీరిక లేదనుకునే ఫస్టియర్ విద్యార్థికి ఏబీ మంచిదే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

ఫిజిక్స్‌లో నాలుగు పరీక్షలున్నాయి, ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఫిజిక్స్ 1, ఫిజిక్స్ 2 ఆల్జీబ్రాతో నడుస్తాయి. ఫిజిక్స్ సీ మెకానిక్స్, ఫిజిక్స్ సీ ఎలక్ట్రిసిటీ అండ్ మ్యాగ్నెటిజం కాలిక్యులస్‌తో నడుస్తాయి, ఈ రెండూ వేర్వేరు పరీక్షలు, ఫీజు కూడా విడివిడిగానే. ఇంజనీరింగ్‌కి వెళ్లేవాళ్లు చూడాల్సింది ఫిజిక్స్ సీ. మెకానిక్స్ సిలబస్ దాదాపు మన ఫస్టియర్ పుస్తకంలో ఉన్నదే: గతి నియమాలు, పని శక్తి, భ్రమణం, డోలనాలు, గురుత్వాకర్షణ. ఫస్టియర్ అయ్యాక రాయడానికి ఇంతకంటే అనువైన పరీక్ష ఇంకోటి లేదు. ఎలక్ట్రిసిటీ పేపర్ సెకండియర్ దాకా ఆగాలి. 2024-25 నుంచి ఫిజిక్స్ సిలబస్‌లు సవరించారు, ఫ్లూయిడ్స్ ఫిజిక్స్ 2 నుంచి ఫిజిక్స్ 1కి మారాయి, అందుకే సెకండ్ హ్యాండ్ గైడు కొనేముందు ఏ ఏడాదిదో చూసుకోండి.

కెమిస్ట్రీ చూసి మనవాళ్లు సంతోషపడే సంగతి ఒకటుంది, ఇందులో ఆర్గానిక్ లేదు. బాధపడేది కూడా ఉంది: బట్టీ పట్టిన ఇనార్గానిక్ ఇక్కడ ఎందుకూ కొరగాదు, అణువుల మధ్య ఆకర్షణ బలాల గురించి, ప్రయోగంలో వచ్చిన డేటా గురించి వివరిస్తూ వాక్యాలు రాయాలి. బైపీసీ వాళ్లు బయాలజీ రాయవచ్చు, కానీ డాక్టర్ అవుదామని రాసేటట్టైతే ఇది తెలుసుకోండి: అమెరికాలో మెడిసిన్ డిగ్రీ తర్వాత చదివేది, పైగా చాలా మెడికల్ స్కూళ్లు బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్‌ని ఒప్పుకోవు, కాలేజీలో చదివి తీరాలంటాయి.

ఎంఈసీ, సీఈసీ పిల్లలను ఈ విషయంలో ఎవరూ పట్టించుకోరు గానీ మైక్రోఎకనామిక్స్, మాక్రోఎకనామిక్స్ వాళ్లకు బాగా సరిపోతాయి. సిలబస్ చిన్నది, గ్రాఫులు గీయడం, ఎందుకు అటు జరిగిందో రెండు ముక్కల్లో చెప్పడం వస్తే చాలు. రెండూ కలిపి ఒకే ఏడాది రాసేయొచ్చు. 'కంప్యూటర్ సైన్స్ ఏ' అనే పరీక్ష అంతా జావాయే, పైథాన్ మాత్రమే వచ్చినవాళ్లు భాష మారాల్సి ఉంటుంది. ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి, సొంత వాదన నిలబెట్టాలి. రోజూ ఇంగ్లిష్‌లో చదివే, రాసే అలవాటు లేకపోతే దాని జోలికి పోకండి. ఉంటే మాత్రం మన కాలేజీల నుంచి వచ్చే అప్లికేషన్లలో అది ప్రత్యేకంగా కనిపిస్తుంది.

ఎప్పుడు రాయాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరూ తప్పటడుగు వేసేదీ ఇక్కడే. అమెరికా యూనివర్సిటీలకు అప్లికేషన్లు సెకండియర్ నవంబర్, జనవరి నెలల్లో వెళ్లిపోతాయి. సెకండియర్ మే నెలలో రాసిన పరీక్ష ఫలితం జులైలో వస్తుంది, అప్పటికి సీటు సంగతి తేలిపోయి ఉంటుంది. కాబట్టి అప్లికేషన్‌లో చూపించుకోగలిగేవి ఫస్టియర్ మే దాకా రాసినవే. సెకండియర్‌లో రాసేవి క్రెడిట్ కోసం మాత్రమే.

దీనికి తోడు సెకండియర్ వేసవిలో మన పరిస్థితి తెలిసిందే. ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, ఆ వెంటనే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నా ఇళ్లలో పాత పేరే), మే రెండో సగంలో జేఈఈ అడ్వాన్స్‌డ్. ఏపీ పరీక్షలు సరిగ్గా వీటి మధ్యలో పడతాయి. ఇండియాలోనూ ఒక దారి ఉంచుకుందామనుకునేవాళ్లకు ఆ నెలలో ఇంకో పరీక్ష ఇరికించడం అంటే టెన్షన్ కొని తెచ్చుకోవడమే. ఫస్టియర్‌లో అయితే మార్చిలో పబ్లిక్ పరీక్షలు అయిపోతాయి, ఏప్రిల్ నెల మొత్తం చేతిలో ఉంటుంది. అయితే కార్పొరేట్ కాలేజీల్లో సెకండియర్ క్లాసులు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టేస్తారు, హాస్టల్లో ఉంటే ఇంకా కష్టం. ఆ సెలవుల గురించి తల్లిదండ్రులు ముందే వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకుని పెట్టుకోండి.

సెంటర్, రిజిస్ట్రేషన్, ఫీజు

శాట్‌కి చేసుకున్నట్టు ఏపీకి మీరు నేరుగా ఆన్‌లైన్‌లో సీటు బుక్ చేసుకోలేరు. పరీక్ష నిర్వహించే స్కూలో, అనుమతి ఉన్న సెంటరో మిమ్మల్ని చేర్చుకోవాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్లు, సెంటర్లు బయటి విద్యార్థులను తీసుకుంటాయి. కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఇండియా కోసం ఇచ్చిన జాబితా చూసి, ఆగస్టులోనే ఈమెయిల్ పంపండి. రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: బయటివాళ్లను తీసుకుంటారా, నాకు కావలసిన సబ్జెక్టు మీ దగ్గర నిర్వహిస్తున్నారా. ఒక సెంటర్ ఉన్నంత మాత్రాన 40 సబ్జెక్టులూ అక్కడ ఉంటాయని లేదు.

వాళ్లు ఒప్పుకుంటే అక్కడి కోఆర్డినేటర్ మీకు జాయిన్ కోడ్ ఇస్తారు. కాలేజ్ బోర్డ్ ఖాతాలో మై ఏపీ పేజీకి వెళ్లి ఆ కోడ్ కొడితే మీరు పరీక్ష మాత్రమే రాసేవాళ్ల విభాగంలో చేరతారు. మే పరీక్షకు గడువు అంతకుముందు నవంబర్ మధ్యలోనే ముగుస్తుంది. ఆరు నెలల ముందు అన్నమాట, మనకు ఇది అలవాటు లేని పద్ధతి. ఆ తర్వాత మార్చి దాకా చేర్చుకోవచ్చు గానీ ఒక్కో పరీక్షకు 40 డాలర్ల ఆలస్య రుసుము పడుతుంది, సెంటర్లో చోటు ఉంటుందన్న నమ్మకమూ లేదు. చేరి, తర్వాత మానుకున్నా 40 డాలర్లు పోతాయి.

2025 లెక్కల్లో అమెరికా బయట ఒక్కో పరీక్షకు 129 డాలర్లు, మన డబ్బుల్లో 11 వేల దరిదాపు. దాని మీద సెంటర్ తన ఖర్చు వేసుకుంటుంది, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ప్రయాణం, హోటల్ కలిపితే ఒంగోలు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి మూడు పరీక్షలు రాసే కుటుంబానికి ఖర్చు బాగానే అవుతుంది, వేర్వేరు రోజుల్లో పడితే మరీనూ. టైమ్‌టేబుల్ ముందే విడుదల అవుతుంది, మీ సబ్జెక్టులు ఒకే రోజు ఒకే పూటకు పడుతున్నాయేమో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

పేరు దగ్గర జాగ్రత్త

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకమైన తంటా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో రెండు ముక్కల పేరు. కాలేజ్ బోర్డ్ ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అందులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. పాస్‌పోర్టు లేకపోతే ఈ పని మొదలుపెట్టేముందే అప్లై చేయండి, పరీక్ష రోజు గుర్తింపుకూ ఎలాగూ అదే మేలు.

శాట్‌కి ఒక ఖాతా, ఏపీకి ఇంకో ఖాతా తెరవకండి. నాన్న ఈమెయిల్‌తో ఒకటి, పిల్లాడి ఈమెయిల్‌తో ఒకటి ఉంటే స్కోర్లు రెండు చోట్లకు చీలిపోతాయి, వాటిని కలిపించడానికి కస్టమర్ సర్వీస్ వెంట పడాలి. కాలేజీ ఈమెయిల్ కూడా వాడొద్దు, ఇంటర్ అయ్యాక అది పనిచేయదు. అమెరికాలో కొన్నేళ్లు చదివి మధ్యలో హైదరాబాద్ తిరిగొచ్చిన పిల్లలు అక్కడి పాత ఖాతానే కొనసాగించాలి.

చదవడం ఎలా

ప్రతి సబ్జెక్టుకూ కోర్సు అండ్ ఎగ్జామ్ డిస్క్రిప్షన్ అనే పీడీఎఫ్ కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ప్రింట్ తీసి, మీ ఇంటర్ పాఠాల్లో వచ్చినవి ఒక రంగుతో, రానివి ఇంకో రంగుతో గీయండి. ఇక మీరు కొత్తగా చదవాల్సింది ఆ రెండో రంగే. పాఠాలకు ఖాన్ అకాడమీ, ఓపెన్‌స్టాక్స్ ఉచిత పుస్తకాలు సరిపోతాయి. కోచింగ్ అవసరమా అని అడుగుతారు. సైన్సు, లెక్కలకు అక్కర్లేదని నా అభిప్రాయం, వ్యాసాలు రాయాల్సిన సబ్జెక్టులకు మాత్రం మీరు రాసింది దిద్ది చెప్పే మనిషి ఒకరు కావాలి.

మన పిల్లలకు మల్టిపుల్ ఛాయిస్ సమస్య కాదు. తప్పు రాస్తే మార్కు పోయే పద్ధతి 2011లోనే తీసేశారు కాబట్టి ఏదీ వదిలిపెట్టకండి, జేఈఈ అలవాటుతో ఖాళీ ఉంచితే నష్టం మీకే. తేడా కొట్టేది రెండో భాగంలో, అంటే జవాబు విడమరిచి రాయాల్సిన ఫ్రీ రెస్పాన్స్‌లో. కాలిక్యులస్ బీసీలో 45 మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నలకు సగం మార్కులు, ఆరు ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలకు మిగతా సగం. ఆ ఆరింటినీ జూన్‌లో కాలేజీ అధ్యాపకులు, స్కూల్ టీచర్లు కూర్చుని చేత్తో దిద్దుతారు, మెట్టు మెట్టుకీ మార్కు ఉంటుంది.

అక్కడ వాళ్లకు కావలసింది కారణం. ఉదాహరణకు ఒక బిందువు దగ్గర గరిష్ఠం ఉందని మీరు సరిగ్గానే కనిపెట్టారు, కింద ప్లస్ మైనస్ గుర్తులతో గీత గీసి చూపించారు. మార్కు రాదు. ఈ బిందువు దగ్గర అవకలజం ధనం నుంచి రుణానికి మారుతోంది కాబట్టి ఇక్కడ స్థానిక గరిష్ఠం ఉంది అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయాలి. మీన్ వాల్యూ థియరమ్ వాడేముందు ఫంక్షన్ కంటిన్యువస్, డిఫరెన్షియబుల్ అన్న సంగతి ప్రస్తావించాలి. యూనిట్లు అడిగితే రాయాలి. మరోపక్క, సంఖ్యల సమాధానాన్ని చివరిదాకా సింప్లిఫై చేయనక్కర్లేదు, సంఖ్యలన్నీ సరిగ్గా పెట్టి వదిలేసినా పూర్తి మార్కు ఇస్తారు. మనవాళ్లు ఇంటర్ అలవాటులో చివరి భిన్నం దాకా లాగి, టైమ్ పోగొట్టుకుని, మధ్యలో ఒక తప్పు కూడా చేస్తారు.

కాలిక్యులేటర్ కూడా నేర్చుకోవాలి. ఇంటర్‌లో, జేఈఈలో దాన్ని ముట్టుకోనివ్వరు కాబట్టి మనకు చేతకాదు. ఇక్కడ కాలిక్యులేటర్ అనుమతించే భాగంలో ఇంటిగ్రల్ విలువ చేత్తో రాబట్టలేని ప్రశ్నలే ఇస్తారు. పరీక్ష యాప్‌లోనే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంటుంది. అందులో సమీకరణానికి మూలాలు చూడటం, నిశ్చిత సమాకలనం విలువ రాబట్టడం, ఒక బిందువు దగ్గర అవకలజం విలువ చూడటం, ఈ మూడూ వేళ్లకు అలవాటు కావాలి. కోణం రేడియన్లలో ఉందో లేదో చూసుకోండి, జవాబు మూడు దశాంశ స్థానాల దాకా ఇవ్వండి.

ఫిజిక్స్‌లో ఒక ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్న పూర్తిగా ప్రయోగం మీదే ఉంటుంది: ఏం కొలుస్తారు, దేనికి దేన్ని గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, ఆ రేఖ వాలు నుంచి కావలసిన విలువ ఎలా తీస్తారు. ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి నింపినవాళ్లకు ఇక్కడ చేయి ఆడదు. పాత ఏళ్ల ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలు, వాటిని ఎలా దిద్దారో చెప్పే స్కోరింగ్ గైడ్‌లు, నిజంగా విద్యార్థులు రాసిన నమూనా జవాబులు కూడా ఏపీ సెంట్రల్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. టైమ్ పెట్టుకుని రాయండి, గైడ్ దగ్గర పెట్టుకుని మీ పేపర్ మీరే కఠినంగా దిద్దండి. ఏప్రిల్ నెలంతా ఇదే పని పెట్టుకున్నా తప్పులేదు, ఇంకో వంద బిట్లు చేయడం కంటే దీనివల్లే లాభం ఎక్కువ.

పరీక్ష రోజు

2025 మే నుంచి 28 సబ్జెక్టులు బ్లూబుక్ అనే కాలేజ్ బోర్డ్ పరీక్ష యాప్‌లోకి మారాయి. ఎకనామిక్స్, కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లాంటివి సగం సగం: మల్టిపుల్ ఛాయిస్ తెర మీద, ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్న తెర మీద కనిపిస్తుంది గానీ జవాబు పేపర్ బుక్‌లెట్‌లో పెన్నుతోనో పెన్సిల్‌తోనో రాయాలి. ఇంగ్లిష్, చరిత్ర, సైకాలజీ, కంప్యూటర్ సైన్స్ పూర్తిగా తెర మీదే. ల్యాప్‌టాప్ మీరు తెచ్చుకోవాలో సెంటర్ ఇస్తుందో ముందే అడగండి. మీదైతే బ్లూబుక్ ముందుగానే ఇన్‌స్టాల్ చేసి, ప్రాక్టీస్ ప్రివ్యూ చేసి చూసుకోండి, పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందు ఎగ్జామ్ సెటప్ పూర్తి చేయండి. మధ్యలో ఇంటర్నెట్ పోయినా పరీక్ష ఆగదు, మొదలుపెట్టేటప్పుడు, చివర్లో సమర్పించేటప్పుడు ఉంటే చాలు. మే నెల కరెంటు సంగతి మనకు తెలియనిది కాదు, బ్యాటరీ నిండుగా ఉంచుకోండి, ఛార్జర్ వెంట పెట్టుకోండి. మామూలుగా ఉదయం 8కి ఒక పూట, మధ్యాహ్నం 12కి ఇంకో పూట ఉంటాయి, స్థానిక సమయం ప్రకారం.

పరీక్ష అయ్యాక బయటికొచ్చి వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు పెట్టడం, కీ తయారు చేయడం మన దగ్గర మామూలు. ఇక్కడ ఆ పని చేయకండి. మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నల గురించి ఎప్పటికీ బయట మాట్లాడకూడదన్న షరతుకు ఒప్పుకునే మీరు పరీక్ష మొదలుపెడతారు, తెలిస్తే స్కోరు రద్దు చేస్తారు. ఫోను లోపలికి తీసుకెళ్లినా అంతే.

స్కోరు వచ్చాక

జులైలో స్కోర్లు ఖాతాలో కనిపిస్తాయి. అప్లికేషన్‌లో చాలా యూనివర్సిటీలకు మీరే స్కోరు నింపితే సరిపోతుంది, అధికారిక రిపోర్టు చేరబోయేముందు పంపితే చాలు. 4, 5 వచ్చినవి పెట్టండి. 3 వస్తే ఆ యూనివర్సిటీ స్థాయి చూసి నిర్ణయించుకోండి, 1, 2 వచ్చినవి అడిగితే తప్ప పెట్టకండి. అయితే అధికారిక రిపోర్టు పంపేటప్పుడు మీరు రాసిన అన్ని ఏపీల స్కోర్లూ కలిసి వెళ్తాయి. ఏదైనా ఒకదాన్ని ఒక కాలేజీకి కనపడకుండా ఆపించాలంటే 10 డాలర్లు కట్టి ఆపించవచ్చు. పూర్తిగా రద్దు చేయించుకోవడం ఉచితం గానీ ఒకసారి రద్దయితే మళ్లీ తిరిగిరాదు.

ప్రతి ఏడాదీ ఒక కాలేజీకి స్కోరు ఉచితంగా పంపే అవకాశం ఉంటుంది, జూన్ 20లోపు ఖాతాలో ఆ కాలేజీ పేరు ఎంచుకోవాలి. ఫస్టియర్‌లో దీన్ని ఖాళీగా వదిలేసినా నష్టం లేదు. సెకండియర్‌లో మాత్రం ఏ యూనివర్సిటీలో చేరబోతున్నారో ఆ పేరు పెట్టండి, లేకపోతే తర్వాత 15 డాలర్లు కట్టి పంపాల్సి వస్తుంది.

స్కోరు చేరినంత మాత్రాన పని అయిపోలేదు. ఓరియంటేషన్‌కి ముందే యూనివర్సిటీ పోర్టల్‌లో ఆ క్రెడిట్లు ఎక్కాయో లేదో చూసుకోండి, ఎక్కకపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి. మీ అడ్వైజర్‌ను కలిసినప్పుడు, కాలిక్యులస్ 1, 2 వదిలేసి నేరుగా 3లో కూర్చోవడం మీకు సరిపోతుందా అని నిజాయితీగా మాట్లాడండి. బీసీలో 5 తెచ్చుకుని ఏడాదికి పైగా లెక్కలు ముట్టుకోని పిల్లలు ఆ కాలిక్యులస్ 3, అంటే మల్టీవేరియబుల్ క్లాసులో మొదటి మిడ్‌టర్మ్‌కే తడబడతారు. క్రెడిట్ ఉన్నా కాలిక్యులస్ 2 మళ్లీ చదవనిచ్చే చోట్లున్నాయి, అలా చదివితే ఆ క్రెడిట్ పోతుందా ఉంటుందా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కోర్సులో పేరు నమోదు చేసుకునేముందే అడగండి.